టీవీ రాకముందు ఆటలు: 1945–65 మధ్య మరిచిపోలేని ఘట్టాలు ఏవి, ఎందుకు?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఓ ఇరవై ఏళ్లలో ఆటల చరిత్రలో నిజంగా చెప్పుకోదగ్గ ఘట్టాలు ఏవన్నది మొదటిది. టీవీ ఇంటింటికీ చేరని రోజుల్లో జరిగినవాటిని జనం ఇప్పటికీ ఎందుకు తలుచుకుంటున్నారన్నది రెండోది. స్పోర్ట్స్ డెస్క్‌లో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ని. పాత స్కోరుకార్డులు తిరగేసే అలవాటు ఇంకా పోలేదు. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ఇలాంటి జాబితాలు నెట్‌లో కావలసినన్ని దొరుకుతాయి. అన్నిట్లోనూ అవే పేర్లు, అవే అంకెలు. నా లెక్క వేరు. రికార్డు ఎంత పెద్దదో నేను పెద్దగా పట్టించుకోను. "ఇదిగో, ఇక్కడ ఈ మనిషి ఇంకోలా చేసుంటే కథే మారిపోయేది" అని వేలు పెట్టి చూపించగలిగే చోటు ఆ ఆటలో ఉందా అని చూస్తాను. అలాంటి చోటు ఉన్న ఆట వీడియో లేకపోయినా బతుకుతుంది. ఆ ఒక్క నిర్ణయాన్ని పక్కవాడికి నోటితో చెప్పేయొచ్చు కదా, అందుకు. మీ రెండో ప్రశ్నకు నా జవాబు చాలావరకు ఇదే.

మొదట బ్రెజిల్. 1950 జులై 16, రియో డి జనీరోలోని మరకానా స్టేడియం. ఆ ప్రపంచకప్‌లో ఫైనల్ అంటూ విడిగా లేదు. చివరికి మిగిలిన నాలుగు జట్లు ఒకదానితో ఒకటి ఆడాలి, ఎవరికి ఎక్కువ పాయింట్లు వస్తే వాళ్లదే కప్పు. బ్రెజిల్ అప్పటికే స్వీడన్‌ను 7-1తో, స్పెయిన్‌ను 6-1తో చితక్కొట్టింది. ఉరుగ్వే స్పెయిన్‌తో 2-2 డ్రా చేసుకుని, స్వీడన్ మీద 3-2తో ఎలాగో గట్టెక్కింది. చివరి మ్యాచ్ ఈ రెండింటికీ పడింది. బ్రెజిల్‌కు డ్రా అయినా చాలు. టికెట్టు కొని లోపలికి వచ్చినవాళ్లే 1,73,850 మంది, మొత్తం కలిపితే రెండు లక్షల దాకా ఉంటారని అంచనా. ఒక పత్రికైతే మ్యాచ్ జరగకముందే బ్రెజిల్ జట్టు ఫొటో వేసి వీళ్లే ప్రపంచ విజేతలని రాసేసింది.

రెండో సగం మొదలవుతూనే ఫ్రియాసా గోల్ కొట్టాడు. స్టేడియం దద్దరిల్లిపోయింది. అప్పుడు ఉరుగ్వే కెప్టెన్ ఒబ్దులియో వరేలా ఏం చేశాడంటే, బంతిని చేతిలోకి తీసుకుని తాపీగా రెఫరీ దగ్గరికి వెళ్లి, అది ఆఫ్‌సైడ్ అంటూ వాదన పెట్టుకున్నాడు. రెఫరీ ఇంగ్లండ్ వాడు, ఇతను మాట్లాడేది స్పానిష్. గోల్ రద్దు కాదని వరేలాకు తెలియక కాదు. ఆ హోరు కాస్త చల్లారాలి, తనవాళ్లు ఊపిరి పీల్చుకోవాలి, అంతే. నాకు ఈ మ్యాచ్‌లో అన్నిటికన్నా నచ్చేది ఈ నిమిషమే.

66వ నిమిషంలో గిగ్గియా కుడి పక్కనుంచి దూసుకొచ్చి బంతిని మధ్యలోకి ఇచ్చాడు, స్కియాఫినో గోల్ చేశాడు. 79వ నిమిషంలో మళ్లీ అదే పక్కనుంచి అదే గిగ్గియా. ఈసారి కూడా మధ్యలోకే ఇస్తాడనుకుని గోల్‌కీపర్ బార్బోసా దగ్గరి పోస్టు వదిలి ఓ అడుగు ముందుకు వేశాడు. గిగ్గియా ఆ సందులోంచి నేరుగా కొట్టేశాడు. 2-1. బార్బోసాది తప్పంటే నేను ఒప్పుకోను. పదమూడు నిమిషాల ముందు జరిగినదాన్ని బట్టి ఏ గోల్‌కీపరైనా అలాగే అనుకుంటాడు. కానీ బ్రెజిల్ అతన్ని క్షమించలేదు. తమ దేశంలో ఎంత పెద్ద నేరానికైనా ముప్పై ఏళ్లే శిక్ష, తనకు మాత్రం యాభై ఏళ్లు పడిందని చివరి రోజుల్లో చెప్పుకున్నాడు. 2000లో చనిపోయాడు. ఆ రోజు వేసుకున్న తెల్ల చొక్కాలను కూడా బ్రెజిల్ వదిలేసింది. ఇప్పుడు మనకు తెలిసిన పసుపు జెర్సీ ఆ తర్వాత పోటీ పెట్టి ఎంపిక చేసిన డిజైన్. గిగ్గియా 2015లో చనిపోయిన తేదీ కూడా జులై 16 కావడం కాకతాళీయం.

అన్నట్టు, ఆ ప్రపంచకప్‌కు భారత్ కూడా వెళ్లాల్సింది. బూట్లు లేకుండా ఆడనివ్వమని ఫిఫా అన్నందుకే వెళ్లలేదన్న కథ బాగా ప్రచారంలో ఉంది. ఆ జట్టు కెప్టెన్ కావాల్సిన శైలేన్ మన్నా తర్వాత దాన్ని కొట్టిపారేశాడు. అప్పట్లో మన ఫుట్‌బాల్ పెద్దలకు ఒలింపిక్సే గొప్ప, ప్రపంచకప్ విలువ వాళ్లకు తట్టలేదు.

ఇక పరుగు పందేలు. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో రోజర్ బానిస్టర్ మైలు దూరాన్ని 3 నిమిషాల 59.4 సెకన్లలో పరిగెత్తాడు. అంతకుముందు రికార్డు 4:01.4. స్వీడన్‌కు చెందిన గుండర్ హాగ్ పేరిట 1945 నుంచి అలాగే ఉండిపోయింది. బానిస్టర్ అప్పుడు మెడిసిన్ విద్యార్థి. ఆ రోజంతా గాలి. అలాంటి గాలిలో పరిగెత్తితే ఒంట్లో ఉన్న శక్తి వృథా తప్ప రికార్డు రాదని, మానేద్దామా అని చివరిదాకా ఊగిసలాడాడు. దగ్గర్లోని చర్చి మీద జెండా రెపరెపలు తగ్గడం చూశాకే సరే అన్నాడు. మొదటి రెండు ల్యాపులు క్రిస్ బ్రాషర్, మూడోది క్రిస్ చాటవే ముందుండి వేగం పట్టించారు. మొదటి ల్యాపులోనే బానిస్టర్ వెనకనుంచి "ఇంకా వేగంగా" అని అరిచాడట. బ్రాషర్ వినలేదు, తన లెక్కలోనే తను పోయాడు. ఆ ల్యాపు 57.5 సెకన్లలో అయింది. ఆ అరుపు విని బ్రాషర్ వేగం పెంచి ఉంటే ముగ్గురూ చివర్లో చతికిలబడేవాళ్లని నా అభిప్రాయం.

మోటివేషన్ స్పీచుల్లో ఈ కథను తెగ వాడేస్తుంటారు. ఒక్కడు దాటగానే ఏడాది తిరిగేసరికి డజన్ల మంది నాలుగు నిమిషాల లోపు పరిగెత్తారని, అంతా మనసులోనే ఉందని చెబుతారు. అది నిజం కాదు. తర్వాతి ఏడాదిలో ఆ పని చేసిన రెండో మనిషి ఒక్కడే, ఆస్ట్రేలియాకు చెందిన జాన్ లాండీ. ఇంకో ముగ్గురు 1955 మే చివర్లో లండన్‌లో ఒకే రేసులో ఆ గీత దాటారు. అంతే.

ఆక్స్‌ఫర్డ్ కన్నా ఆ తర్వాత జరిగిన వాంకూవర్ రేసే నాకు గొప్పగా అనిపిస్తుంది. బానిస్టర్ రికార్డును లాండీ 46 రోజులకే ఫిన్లండ్‌లో బద్దలు కొట్టాడు. ఆగస్టు 7న వాంకూవర్‌లో ఇద్దరూ ముఖాముఖి తలపడ్డారు. లాండీ పద్ధతి ఒకటే, మొదటి నుంచీ ముందు పరిగెత్తి వెనకవాణ్ని అలిసిపోయేలా చేయడం. బానిస్టర్ పద్ధతి చివరిదాకా అంటిపెట్టుకుని ఆఖర్లో దూకడం. చివరి మలుపు దాటుతుంటే వెనక అడుగుల చప్పుడు వినబడక లాండీ ఎడమ భుజం మీదుగా వెనక్కి చూశాడు. సరిగ్గా అప్పుడే బానిస్టర్ కుడి పక్కనుంచి దాటేశాడు. 3:58.8, 3:59.6. ఒకే రేసులో ఇద్దరు నాలుగు నిమిషాల లోపు రావడం అదే మొదలు. ఆ చూపును అలాగే కంచు విగ్రహంగా పోతపోసి వాంకూవర్‌లో పెట్టారు. లాండీ దాని మీద జోకు కూడా వేశాడు. బైబిల్లో వెనక్కి తిరిగి చూసినందుకు లోతు భార్య ఉప్పు స్తంభం అయింది, తానేమో కంచు అయ్యానని.

వెనక్కి చూడటం అనగానే మనకు మిల్కాసింగ్ గుర్తుకొస్తాడు. 1960 రోమ్ ఒలింపిక్స్, 400 మీటర్ల ఫైనల్. మొదటి ఇద్దరూ, ఓటిస్ డేవిస్, కార్ల్ కౌఫ్‌మన్, 44.9తో ప్రపంచ రికార్డు. మూడో స్థానంలో దక్షిణాఫ్రికా వాడు మాల్కం స్పెన్స్ 45.5. మిల్కా 45.6. చేతి గడియారం లెక్కలో సెకనులో పదో వంతు. రెండేళ్ల ముందు కార్డిఫ్‌లో మిల్కా చేతిలో ఓడినవాడే ఈ స్పెన్స్. సగం దాటాక కాస్త వేగం తగ్గించుకున్నానని మిల్కా జీవితమంతా బాధపడ్డాడు. అందరికన్నా ముందు పోతూ పోతూ వెనక్కి తిరిగి చూసి పతకం పోగొట్టుకున్నాడని జనం చెప్పుకునే కథ మాత్రం రేసు ఫిల్ముతో సరిపోదు. పైగా ఆ కథ వల్ల అతని పరుగుకు అన్యాయం జరుగుతోంది. ఆ నలుగురూ రోమ్‌కు ముందున్న ఒలింపిక్ రికార్డు 45.9 కన్నా వేగంగానే పరిగెత్తారు. ఆ టైమ్ మన దేశంలో 1998 దాకా చెక్కుచెదరలేదు.

కొన్నిటిని గబగబా చెప్పేస్తాను. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో చెకోస్లొవేకియాకు చెందిన ఎమిల్ జాటోపెక్ 5,000, 10,000 మీటర్లు గెలిచి, అంతకుముందు ఎన్నడూ పరిగెత్తని మారథాన్‌కు కూడా దిగాడు. ఆ దూరంలో అప్పటి మొనగాడు జిమ్ పీటర్స్. పక్కనే పరిగెత్తుతూ ఈ వేగం సరిపోతుందా అని జాటోపెక్ అమాయకంగా అడిగాడు. అతన్ని బోల్తా కొట్టిద్దామని పీటర్స్ సరిపోదు, నెమ్మదిగా ఉందన్నాడు. జాటోపెక్ నిజమనుకుని వేగం పెంచాడు. పీటర్స్ కండరాలు పట్టేసి మధ్యలోనే ఆగిపోయాడు, జాటోపెక్‌కు మూడో స్వర్ణం వచ్చింది.

1948 ఆగస్టు 12న లండన్ వెంబ్లీలో ఒలింపిక్స్ ఫైనల్లో భారత హాకీ జట్టు గ్రేట్ బ్రిటన్‌ను 4-0తో ఓడించింది. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. వానకు మైదానం బురదగా ఉంటే కెప్టెన్ కిషన్‌లాల్, కె.డి. సింగ్ బాబు బూట్లు విప్పేసి ఆడారు. అర్జెంటీనాపై ఆరు గోల్స్ కొట్టిన బల్బీర్ సింగ్‌ను మధ్యలో పక్కన కూర్చోబెట్టి ఫైనల్‌కు మళ్లీ తీసుకున్నారు. మొదటి రెండు గోల్స్ అతనివే. దాని మీద ఎంత రాసినా తక్కువే, కానీ ఆటగా చూస్తే అది ఏకపక్షం. రెండు రోజుల తర్వాత అదే లండన్‌లో ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ బ్రాడ్‌మన్ తన చివరి టెస్టు ఇన్నింగ్స్‌లో ఎరిక్ హోలీస్ గూగ్లీకి రెండో బంతికే సున్నాకు బౌల్డయ్యాడు. ఇంకో నాలుగు పరుగులు చేసుంటే సగటు వంద. 99.94 దగ్గర ఆగిపోయింది. దీన్ని అందరూ అన్నిటికన్నా పైన పెడతారు, నేను పెట్టను. అది మంచి బంతి, అంతకు మించి అందులో తవ్వడానికేం లేదు.

1956లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఒకే టెస్టులో 19 వికెట్లు తీసిన ఇంగ్లండ్ బౌలర్ జిమ్ లేకర్ సంగతి మీ రెండో ప్రశ్నకు పనికొస్తుంది. మ్యాచ్ అయ్యాక కారులో ఇంటికి పోతూ దారిలో ఒక పబ్బులో ఆగి శాండ్‌విచ్ తిన్నాడు. అక్కడున్నవాళ్లంతా అతని ఘనత గురించే మాట్లాడుకుంటున్నారు. మూలన కూర్చున్నది ఆయనేనని ఒక్కరూ గుర్తుపట్టలేదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. 1960 డిసెంబర్, బ్రిస్బేన్, ఆస్ట్రేలియా, వెస్టిండీస్ మొదటి టెస్టు. 1877 నుంచి టెస్టులు ఆడుతున్నారు, అప్పటిదాకా ఒక్కటీ టై కాలేదు, అంటే పరుగులు సమంగా ఉండగా చివరి జట్టు ఆలౌట్ కాలేదు. చివరి రోజు ఆస్ట్రేలియా లక్ష్యం 233. వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ వెస్ హాల్ ధాటికి 92కే ఆరు వికెట్లు పోయాయి. టీ సమయానికి 109. ఇంకా 124 కావాలి, క్రీజులో డేవిడ్‌సన్, కెప్టెన్ రిచీ బెనో. అప్పుడు సెలక్షన్ కమిటీ ఛైర్మన్‌గా ఉన్న బ్రాడ్‌మన్ వచ్చి, గెలుపు కోసమా, డ్రా కోసమా అని అడిగాడు. గెలుపు కోసమే అన్నాడు బెనో. ఆ రోజుల్లో ఆరు వికెట్లు పోతే ఏ కెప్టెనైనా డ్రాకే ఆడేవాడు. ఆ జవాబు లేకపోతే ఆ చివరి ఓవరూ లేదు.

ఇద్దరూ కలిసి 134 పరుగులు జోడించారు. ఇంకో ఏడు కావాలనగా బెనో తొందరపడి సింగిల్‌కు పిలిచాడు, జో సోలమన్ విసిరిన బంతి నేరుగా వికెట్లకు తగిలింది. 80 పరుగులతో డేవిడ్‌సన్ రనౌట్. ఈ త్రో గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు కానీ మ్యాచ్ తిరిగింది ఇక్కడే.

చివరి ఓవర్ వెస్ హాల్‌ది. అప్పట్లో ఆస్ట్రేలియాలో ఓవర్‌కు ఎనిమిది బంతులు. కావాల్సినవి ఆరు పరుగులు, చేతిలో మూడు వికెట్లు. మొదటి బంతి గ్రౌట్ ఒంటికి తగిలి లెగ్‌బై. రెండోది బౌన్సర్. వేయొద్దని కెప్టెన్ ఫ్రాంక్ వారెల్ ముందే చెప్పాడు, హాల్ వేసేశాడు. బెనో హుక్ చేయబోయి కీపర్ అలెగ్జాండర్‌కు దొరికిపోయాడు. మాట వినకపోయినా వికెట్ వచ్చింది కాబట్టి ఏమనడానికీ లేకపోయింది! మూడో బంతికి కొత్తగా వచ్చిన మెకిఫ్ పరుగు తీయలేదు. నాలుగోదానికి బంతి కీపర్ చేతిలో ఉండగానే బై పరుగెత్తారు, హాల్ వికెట్ల వైపు విసిరితే తగల్లేదు. ఐదోదాన్ని గ్రౌట్ గాల్లోకి లేపాడు. కాన్హాయ్ కింద సిద్ధంగా నిలబడి ఉంటే, ఎక్కడినుంచో హాల్ పరుగెత్తుకొచ్చి తానే పట్టబోయి వదిలేశాడు. ఒక పరుగు. మూడు బంతుల్లో మూడు.

ఆరో బంతిని మెకిఫ్ లెగ్ వైపు బలంగా బాదాడు. బౌండరీ అనుకున్నది గీతకు కాస్త ఇవతలే ఆగింది. రెండు పరుగులు వచ్చేశాయి, స్కోర్లు సమం. మూడోదానికి పరుగెత్తారు. కాన్రాడ్ హంట్ బౌండరీ దగ్గర్నుంచి విసిరిన బంతి సూటిగా అలెగ్జాండర్ చేతుల్లోకి వచ్చింది, గ్రౌట్ డైవ్ చేసినా రనౌట్. ఇక మిగిలింది ఒక్క వికెట్. నోబాల్ మాత్రం వేయకు, వేస్తే నిన్ను బార్బడోస్‌లో దిగనివ్వరని వారెల్ హాల్‌తో అన్నాడట. ఏడో బంతిని క్లైన్ స్క్వేర్‌లెగ్ వైపు నెట్టాడు, అటునుంచి మెకిఫ్ దౌడు తీశాడు. సోలమన్‌కు పక్కనుంచి కనిపిస్తున్నది ఒక్క స్టంపే. కీపర్‌కు అందించే టైమ్ లేదు. కొట్టాడు, తగిలింది. మైదానంలో ఉన్నవాళ్లలోనే కొందరికి ఎవరు గెలిచారో అర్థం కాలేదు. ఇంకా ఒక బంతి మిగిలే ఉంది. చూసింది ఓ నాలుగు వేల మంది. మరకానాలో రెండు లక్షలు, ఇక్కడ నాలుగు వేలు. రెండూ ఒకే స్థాయిలో బతికున్నాయి. టెస్టుల్లో మళ్లీ టై అయ్యింది ఒక్కసారే, 1986లో, మద్రాసులో.

చివరగా మనవాళ్లది, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్, హైదరాబాదీ. ఉద్యోగం స్కూల్ టీచర్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టును నాలుగో స్థానం దాకా తీసుకెళ్లింది ఆయనే. జకార్తాలో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయాం. థాయ్‌లండ్‌తో మ్యాచ్‌లో డిఫెన్స్‌కు వెన్నెముక లాంటి జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి.

ఇంకో గొడవ మైదానం బయట. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండొనేషియా రానివ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఏషియన్ గేమ్స్ అనకూడదని భారత్‌కు చెందిన ఒలింపిక్ కమిటీ సభ్యుడు జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పాడు. దాంతో జనం మన రాయబార కార్యాలయం మీద పడ్డారు. ఫైనల్ రోజు స్టేడియంలో లక్ష మంది దాకా ఉంటే, మన జాతీయగీతం వినిపించేటప్పుడు కూడా ఎగతాళి కేకలు. గ్యాలరీలో మనకోసం అరిచినవాళ్లలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు ఉన్నారు.

రహీమ్ చేసిన పని చూడండి. తలకు కట్టుతో ఉన్న డిఫెండర్‌ను ఎవరైనా బెంచీ మీద కూర్చోబెడతారు. లేదా ధైర్యం చేసి అతని పాత చోటులోనే ఆడిస్తారు. రహీమ్ అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా పంపాడు. జర్నైల్ కాలేజీ రోజుల్లో ఫార్వర్డ్ ఆడినవాడని ఆయనకు గుర్తుంది. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచినప్పుడు ఒక గోల్ జర్నైల్‌దే. ఫైనల్‌కు ఇంకో మార్పు: ఫ్లూ నుంచి అప్పుడే కోలుకుంటున్న పొడగరి గోల్‌కీపర్ తంగరాజ్‌ను దింపాడు. ప్రత్యర్థి మళ్లీ దక్షిణ కొరియా. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, మరో మూడు నిమిషాలకు జర్నైల్ సింగ్. చివర్లో కొరియా ఒకటి తిరిగి కొట్టినా 2-1తో స్వర్ణం మనదే. ఫైనల్‌కు ముందు రోజు, రేపు మీరు నాకొక బహుమతి ఇవ్వాలని రహీమ్ ఆటగాళ్లను అడిగాడు. ఆయనకు క్యాన్సర్. 1963 జూన్‌లో చనిపోయాడు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు స్వర్ణం రాలేదు.

1953లో వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో చిత్తు చేసిన హంగరీని ఎందుకు వదిలేశావని ఎవరైనా అడగొచ్చు. అది గొప్ప జట్టు గొప్ప ప్లాన్‌తో ఆడిన గొప్ప మ్యాచ్. మొదటి నిమిషంలోనే హిదెకుటి గోల్ కొట్టాడు, ఇంగ్లండ్ ఒకసారి సమం చేసినా ఆ తర్వాత అటూ ఇటూ ఊగిందేమీ లేదు. అదే జట్టు ఓడిన 1954 బెర్న్ ఫైనల్ అంటే మాత్రం వెంటనే జాబితాలో చేరుస్తాను. గ్రూప్ దశలో హంగరీతో మ్యాచ్‌కు పశ్చిమ జర్మనీ కోచ్ హెర్బెర్గర్ తన ముఖ్యమైన ఆటగాళ్లలో చాలామందిని దాచిపెట్టి 8-3తో ఓడిపోయాడు. ఓడినా టర్కీతో ఇంకో మ్యాచ్ గెలిస్తే ముందుకు పోవచ్చని ఆయన లెక్క. ఆ 8-3 మ్యాచ్‌లోనే హంగరీ కెప్టెన్ పుష్కాష్ కాలికి దెబ్బ తగిలింది. ఫైనల్‌కు వచ్చాడు కానీ పూర్తిగా కోలుకోలేదు. ఎనిమిది నిమిషాల్లో 2-0తో ముందున్న హంగరీ వానలో 3-2తో ఓడిపోయింది. 84వ నిమిషంలో గెలుపు గోల్ కొట్టింది హెల్ముట్ రాన్.